పెళ్ళి డీవీడీ మెనూ మొరాయిస్తోందా? రిమోట్ నుంచి డిస్క్ దాకా వరుసగా సరిచేసుకునే పద్ధతి

మెనూ తెర మీదకు వస్తుంది, వెనక సన్నాయి కూడా వినిపిస్తుంది, కానీ బాణం బటన్ ఎన్నిసార్లు నొక్కినా హైలైట్ ఉన్నచోటు నుంచి కదలదు. లేదా ‘తలంబ్రాలు’ నొక్కితే ‘అప్పగింతలు’ మొదలవుతుంది. లేదా ఒక భాగం అయిపోగానే మెనూకి తిరిగి రాకుండా తెర నల్లగా ఉండిపోతుంది. విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా మా చుట్టాలూ స్నేహితులూ నన్ను ఎక్కువగా అడిగేవి ఈ మూడే. ఫోన్లో చెబితే సగం అర్థమై సగం కాక మళ్ళీ మొదటికే వస్తోంది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. మెనూ పనిచేయనంత మాత్రాన వీడియో పోయినట్టు కాదు. డీవీడీలో మెనూ ఒక ఫైల్లో, పెళ్ళి వీడియో వేరే ఫైళ్ళలో ఉంటాయి. కాబట్టి కంగారుపడి డిస్కుని టూత్‌పేస్టు పెట్టి రుద్దకండి, పారేయకండి. ఇంట్లో రాయించిన డిస్కుకి బజార్లో ఇంకో కాపీ దొరకదు.

## 1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- బాగా ఆడుతుందని తెలిసిన రెండు డిస్కులు: షాపులో కొన్న సినిమా డీవీడీ ఒకటి, ఎవరైనా రాసిచ్చిన డీవీడీ ఒకటి
- ప్లేయర్‌తో పాటు వచ్చిన అసలు రిమోట్, కొత్త బ్యాటరీలు
- డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ (లాప్‌టాప్‌లో లేకపోతే యూఎస్‌బీ డ్రైవ్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి)
- అందులో వీఎల్‌సీ ప్లేయర్, ఇది ఉచితం. విండోస్ 10, 11లలో డీవీడీ ఆడించే సాఫ్ట్‌వేర్ మామూలుగా ఉండదు, అందుకని ఇది తప్పనిసరి
- హార్డ్‌డిస్కులో 20 జీబీ ఖాళీ
- కళ్ళద్దాలు తుడిచే మెత్తని గుడ్డ, కొంచెం డిస్టిల్డ్ వాటర్
- కాగితం, పెన్ను

కాగితం ఎందుకంటే, ఏ బటన్ నొక్కితే ఏం జరిగిందో రాసుకోకపోతే పావుగంటలో అంతా కలగాపులగమైపోతుంది. ‘మొదటి పేజీ, గౌరీపూజ నొక్కితే సరిగ్గా వచ్చింది. కాశీయాత్ర నొక్కితే రిసెప్షన్ వచ్చింది. రెండో పేజీకి వెళ్ళలేదు’ ఇలా రాయండి చాలు. చివరికి షాపుకి ఇవ్వాల్సొచ్చినా ఈ కాగితమే పనికొస్తుంది.

## 2. తప్పు ఎక్కడుందో తేల్చండి

చాలామంది ఈ అడుగు వదిలేస్తారు, డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మా మేనత్త వాళ్ళు కూతురి పెళ్ళి డీవీడీలో ‘మాంగల్యధారణ’ నొక్కితే స్నాతకం వస్తోందని ప్లేయర్‌దే తప్పనుకుని కొత్త ప్లేయర్ కొన్నారు. అందులోనూ స్నాతకమే వచ్చింది. డిస్క్ తయారుచేసినప్పుడే ఆ బటన్‌కి తప్పు చాప్టర్ నంబర్ ఇచ్చారు, ఎన్ని ప్లేయర్లు మారిస్తే మాత్రం ఏం లాభం!

మూడు పరీక్షలు ఇదే వరుసలో చేయండి.

1. మీ ప్లేయర్‌లో ఆ రెండు మంచి డిస్కులూ పెట్టి మెనూ తిప్పి చూడండి.
2. పేచీ పెడుతున్న డిస్కుని పక్కింటివాళ్ళ ప్లేయర్‌లో చూడండి.
3. అదే డిస్కుని కంప్యూటర్లో వీఎల్‌సీతో తెరిచి, మెనూలో ప్రతి బటన్ మీదా మౌస్‌తో నొక్కండి.

ఇప్పుడు ఇలా చూసుకోండి:

- మీ ప్లేయర్‌లో ఏ డిస్క్ మెనూ అయినా కదలదు: రిమోట్ లేదా ప్లేయర్. 4, 5 చదవండి.
- సినిమా డీవీడీ బాగానే ఉంది, రాయించిన డిస్కులన్నీ తడబడుతున్నాయి: లెన్స్ మీద అనుమానం. రాసిన డిస్క్ నుంచి వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, లెన్స్ నీరసపడితే ముందు ఆగిపోయేవి అవే. 5 చదవండి.
- ఈ ఒక్క డిస్కే, ఎక్కడ పెట్టినా అదే చోట హ్యాంగ్ అవుతోంది, డ్రైవ్ గరగరమంటోంది: డిస్క్ చదవడంలో ఇబ్బంది. 6, 7.
- ఈ ఒక్క డిస్కే, ఆగకుండా సాఫీగా ఆడుతోంది కానీ తప్పు చోటుకి వెళ్తోంది: మెనూ కట్టడంలో పొరపాటు. 7 చేసి 9కి వెళ్ళండి.
- కంప్యూటర్లో అంతా బాగుంది, ప్లేయర్‌లో మాత్రం లేదు: ముందు 5, తర్వాత 8. వీఎల్‌సీ చాలా తప్పుల్ని సర్దుకుపోతుంది, ప్లేయర్ సర్దుకోదు.

## 3. ఇంటినిండా చుట్టాలున్నారు, ఇప్పుడే చూడాలంటే

రిపేరు రేపు చేసుకోవచ్చు. ఇవాళ్టికి మెనూని దాటేయడానికి నాలుగు దారులున్నాయి.

నంబర్ బటన్లు. బాణాలు పనిచేయకపోయినా రిమోట్‌లో 3 నొక్కితే మెనూలోని మూడో బటన్ నేరుగా తెరుచుకోవచ్చు. అన్ని డిస్కులూ ఒప్పుకోవు, కానీ ముందు ఇదే చూడండి.

గోటూ లేదా సెర్చ్ బటన్. తెర మీద టైటిల్ (డిస్కులోని ఒక వీడియో), చాప్టర్ (అందులో ఒక భాగం) అని గళ్ళు వస్తాయి. టైటిల్ 1, చాప్టర్ 1 అని కొట్టండి. అక్కడి నుంచి నెక్స్ట్ నొక్కుతూ కావలసిన భాగానికి వెళ్ళిపోవచ్చు.

స్టాప్, స్టాప్, ప్లే. వరసగా రెండుసార్లు స్టాప్ నొక్కి ప్లే నొక్కితే చాలా ప్లేయర్లు మెనూ జోలికి పోకుండా వీడియోలోకి దిగిపోతాయి.

వీఎల్‌సీ. మీడియా, ఓపెన్ డిస్క్‌లోకి వెళ్ళి ‘నో డిస్క్ మెనూస్’ దగ్గర టిక్ పెట్టి ప్లే చేయండి. ప్లేబ్యాక్‌లో టైటిల్ జాబితా ఉంటుంది, వాటిలో అన్నిటికంటే పొడవైనదే సాధారణంగా అసలు వీడియో. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలిస్తే అందరూ కూర్చుని చూడొచ్చు.

బటన్ నొక్కగానే తెర మూల అడ్డంగా చెయ్యి బొమ్మ వస్తే అది రిమోట్ పాడవడం కాదు. ‘ఈ చోట ఈ బటన్ పనిచేయకూడదు’ అని డిస్కులోనే రాసి ఉంటుంది. కంపెనీ లోగో, హెచ్చరికలు వచ్చే దగ్గర ఇది మామూలే.

## 4. రిమోట్, టీవీ

ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి రిమోట్ ముందుభాగాన్ని దానికి ఎదురుగా పెట్టి బటన్లు ఒక్కొక్కటే నొక్కండి. పనిచేసే బటన్‌కి తెల్లగానో ఊదాగానో చిన్న వెలుగు మిణుకుమంటుంది. వెనక కెమెరాతో చూడొద్దు, చాలా ఫోన్లలో అది ఆ వెలుగుని వడకట్టేస్తుంది. మిగతా బటన్లన్నిటికీ వెలుగు వచ్చి ఒక్క కింది బాణానికి రాకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

మన ఊళ్ళో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ళల్లో, ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుంటుంది. మామూలు ఎరేజర్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీలు వేయండి. సగం రిమోట్లు దీంతోనే బాగైపోవడం నేను చూశాను.

అలాగే ప్లేయర్ ముందు ప్యానెల్‌లో ఏదైనా బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉందేమో చూడండి. ఒక బటన్ ఇరుక్కుంటే రిమోట్ చెప్పేది ప్లేయర్ పట్టించుకోదు, లేదా హైలైట్ తనంతట తానే పరిగెడుతుంది.

హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే టీవీ రిమోట్ కూడా ప్లేయర్‌ని నడిపే సౌకర్యం ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఎనీనెట్ ప్లస్, బ్రావియా సింక్, సింప్‌లింక్ అని. ఒకసారి నొక్కితే రెండు గళ్ళు దూకుతోందంటే టీవీ సెట్టింగుల్లో దాన్ని ఆపేసి మళ్ళీ చూడండి.

రిమోట్‌లో ‘మెనూ’, ‘టైటిల్’ (కొన్నిట్లో ‘టాప్ మెనూ’) అని రెండు బటన్లుంటాయి. రెండూ ఒకటి కాదు. ఒకటి పనిచేయకపోతే రెండోది నొక్కి చూడకుండా డిస్క్ పోయిందని తీర్మానించకండి.

## 5. ప్లేయర్

5.1 పాత జ్ఞాపకం తుడిచేయండి. దీని గురించి ఎవరూ చెప్పరు, కానీ వింత తప్పులకి పెద్ద కారణం ఇదే. డిస్క్ పెట్టగానే మొదట నడిచే చిన్న ఆదేశాల వరుస ఒకటుంటుంది. ఏ భాష, ఏ పేజీ, చూశాక ఎక్కడికి తిరిగి రావాలి లాంటి లెక్కలు రాసుకోవడానికి ప్లేయర్‌లో డిస్క్ కోసం 16 చిన్న గళ్ళు కేటాయించి ఉంటాయి. మీరు నిన్న మధ్యలో ఆపేసి ఇవాళ అక్కడి నుంచే కొనసాగిస్తే ఆ మొదటి ఆదేశాలు నడవవు, గళ్ళు ఖాళీగానో తప్పుగానో ఉంటాయి. అప్పుడు భాగం అయ్యాక ఎటు వెళ్ళాలో డిస్కుకి తెలీదు.

చేయాల్సింది ఇదీ: రెండుసార్లు స్టాప్, డిస్క్ బయటికి, ప్లగ్ దగ్గరే స్విచ్ ఆపి రెండు నిమిషాలు ఆగడం, మళ్ళీ డిస్క్ పెట్టి మొదటి నుంచి రానివ్వడం. మధ్యలో ఏమీ నొక్కొద్దు.

5.2 తెర ఆకారం. హైలైట్ అసలు కనపడకపోయినా, బొమ్మ పక్కన ఎక్కడో పడుతున్నా, ప్లేయర్ సెటప్‌లో టీవీ డిస్‌ప్లే 4:3 అని ఉందేమో చూడండి. దాన్ని 16:9 చేయండి. వెడల్పు మెనూ ఉన్న డిస్కులో 4:3 టీవీల కోసం హైలైట్‌ని విడిగా ఇవ్వాలి, ఇంటి డిస్కుల్లో అది చాలావరకు ఉండదు. మెనూ అంచులు కోసేసినట్టుంటే అది టీవీ పని, టీవీలో పిక్చర్ సైజుని ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’కి మార్చండి.

5.3 పాల్, ఎన్‌టీఎస్‌సీ. ఇవి వీడియో సిగ్నల్‌లో రెండు పద్ధతులు, మన దేశంలో పాల్. ప్లేయర్‌లో దీన్ని ‘ఆటో’లో పెడితే గొడవ ఉండదు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ రాసి పంపిన డిస్కులు ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, ఆటోలో లేకపోతే మెనూ నలుపు తెలుపులోనో, పైకీ కిందకీ దొర్లుతూనో వస్తుంది.

5.4 రీజియన్. సినిమా డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబర్ ఇది, డీవీడీలకి మన దేశం 5వ రీజియన్. అమెరికాలో కొన్న సినిమా డిస్క్ 1వ రీజియన్‌ది అయితే మెనూ దాకా కూడా రాదు. ఇంట్లో రాసిన డిస్కులకి ఈ అడ్డు మామూలుగా ఉండదు.

5.5 లెన్స్. సీడీకి ఒక లేజర్, డీవీడీకి వేరే లేజర్ కావాలి. కాబట్టి ‘వీసీడీ ఆడుతోందిగా, లెన్స్ బాగానే ఉంది’ అనుకోకండి. బ్రష్ ఉన్న క్లీనింగ్ డిస్క్ ఒకసారి వేసి చూడండి, పదే పదే వేయొద్దు. దాంతో కాకపోతే రిపేరు షాపులో లెన్స్ మార్పించాలి, లేదా ఇంకో ప్లేయర్ వాడుకోవాలి.

5.6 చెమ్మ. ఏసీ గదిలోంచి ప్లేయర్‌ని తీసి బయట గదిలో పెట్టిన వెంటనే వేయకండి, మన గాలిలో తేమకి లోపలి లెన్స్ మీద ఆవిరి పడుతుంది. గంటో రెండు గంటలో ఆగండి.

## 6. డిస్క్: మెనూ ఎందుకు ముందు దెబ్బతింటుంది

ఎల్‌పీ రికార్డుకి సూది బయటి అంచు నుంచి లోపలికి వస్తుంది. డిస్క్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, చదవడం మధ్య రంధ్రం దగ్గర మొదలై బయటికి వెళ్తుంది. మెనూకి సంబంధించిన ఫైళ్ళు మొదట్లో ఉంటాయి కాబట్టి అవి మధ్య రంధ్రానికి దగ్గరగా పడతాయి. మనం డిస్కుని పెట్టెలోంచి లాగేటప్పుడు వేళ్ళు పడేదీ, బిగుతు పెట్టెల్లో సన్నగా పగుళ్ళు వచ్చేదీ అక్కడే. అందుకే పెళ్ళంతా చక్కగా ఆడే డిస్కులో మెనూ మాత్రం తడబడుతుంది. పరీక్షగా చూడాల్సింది ఆ లోపలి వలయాన్ని.

తుడిచే పద్ధతి:

1. ట్యూబ్‌లైట్ కింద డిస్కుని వాలుగా పట్టి మరక ఉందా, గీత ఉందా, పగులు ఉందా చూడండి.
2. ముందు దుమ్ము ఊడగొట్టండి. దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దితే అదే గీతలు పెడుతుంది.
3. గుడ్డ కొన డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, మధ్య నుంచి అంచుకి సూటిగా తుడవండి. గుండ్రంగా తిప్పొద్దు. డేటా గుండ్రంగా రాసి ఉంటుంది, ఆ దారి వెంబడి గీత పడితే వరసగా చాలా డేటా పోతుంది. అడ్డంగా పడిన గీతని ప్లేయర్ చాలావరకు సరిదిద్దుకుంటుంది.
4. పొడి గుడ్డతో అలాగే ఒత్తి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి, రాసిన డిస్కుల్లో ఉండే రంగుపూతని ఎండ పాడుచేస్తుంది.
5. మళ్ళీ వీఎల్‌సీలో చూడండి.

మధ్య రంధ్రం దగ్గర పగులు కనపడితే ఇంక ప్లేయర్‌లో వేయకండి, డ్రైవ్ వేగానికి డిస్క్ లోపలే ముక్కలవుతుంది. డేటా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తడిసిన డిస్కుల పెట్టెల్ని అలాగే అటక మీద పెట్టేసినవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాటి మీద చుక్కలు చుక్కలుగా బూజు కనిపిస్తే మంచినీళ్ళలో కడిగి, పై పద్ధతిలోనే తుడవండి. మరక పైన ఉంటే పోతుంది. వెలుగుకి ఎదురుగా పట్టి చూసినప్పుడు మెరిసే పొరలోనే సూదిపొడుపుల్లా చిల్లులు కనపడితే మాత్రం తుడవడంతో పోయేది కాదు, వెంటనే కాపీకి వెళ్ళండి.

వధూవరుల ఫొటో ఉన్న కాగితం స్టిక్కర్ డిస్క్ మీద అంటించి ఉంటే దాన్ని కూడా అనుమానించాలి. చెమ్మకి కాగితం ఉబ్బి డిస్క్ వంగుతుంది, తిరిగేటప్పుడు ఊగుతుంది. అలాగని పీకకండి! సీడీకైతే స్టిక్కర్‌తో పాటు మెరిసే పొర కూడా ఊడొచ్చేస్తుంది. సీడీలో డేటా ఉండేది ఆ పైపొర కిందనే. డీవీడీలో రెండు ప్లాస్టిక్ పలకల మధ్యన ఉంటుంది కాబట్టి కాస్త నయం, కానీ సగం చిరిగిన స్టిక్కర్ అసలు స్టిక్కర్ కంటే ఎక్కువగా ఊపుతుంది. కంప్యూటర్‌లో తక్కువ వేగంతో చదివించి కాపీ తీసుకోవడమే దారి.

బ్లూరే డిస్కులకి ఏ పాలిష్ కూడా పెట్టొద్దు. వాటి డేటా పైనుంచి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, డీవీడీకైతే 0.6 ఉంటుంది.

## 7. ఏ రిపేరైనా కాపీ మీదే

డిస్క్ మీద నేరుగా ఏమీ మార్చలేం, మార్చగలిగినా మార్చకూడదు. ముందు పూర్తి ఇమేజ్ తీయండి, అంటే డిస్కు మొత్తం ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా. విండోస్‌లో ఇమ్‌జీబర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ‘డిస్క్ నుంచి ఇమేజ్ ఫైల్’ అన్న పని ఎంచుకుంటే చాలు. ఇంట్లో రాయించిన డిస్కులకి తాళం ఉండదు కాబట్టి కాపీకి అడ్డేమీ రాదు.

బాగున్న డిస్క్ అయితే కాసేపట్లో అయిపోతుంది. చదవలేని సెక్టార్లు (డిస్కులోని చిన్న డేటా ముక్కలు) ఉన్నాయని మళ్ళీ మళ్ళీ చెబుతుంటే, వేగం తగ్గించి ప్రయత్నించండి, తర్వాత వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదివేస్తుంది, ఇది నిజంగా జరుగుతుంది. లినక్స్ తెలిసినవాళ్ళు దగ్గరుంటే డీడీరెస్క్యూ వాడమనండి, సెక్టార్ సైజు 2048 ఇవ్వాలి. అది మొదటి డ్రైవ్‌లో చదివినదాన్ని గుర్తుపెట్టుకుని, మిగిలిపోయిన ముక్కల్ని రెండో డ్రైవ్‌లో అడుగుతుంది.

- ఇమేజ్ తీశారా?
- దాన్ని వీఎల్‌సీలో తెరిచి మొదలు, మధ్య, చివర చూశారా?
- ఇంకో చోట, పెన్‌డ్రైవ్‌లోనో వేరే హార్డ్‌డిస్కులోనో, రెండో కాపీ పెట్టారా?

మూడింటికీ అవునని చెప్పగలిగాకే కిందికి వెళ్ళండి.

## 8. ఫైళ్ళు చూడడం

ఐఎస్ఓని తెరిస్తే లోపల ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో మూడు రకాల ఫైళ్ళు:

- ఐఎఫ్ఓ: ఏ బటన్ ఎటు, ఏ చాప్టర్ ఎక్కడ అనే దారుల లెక్క
- బీయూపీ: ఐఎఫ్ఓకి అచ్చంగా నకలు
- వీఓబీ: బొమ్మ, శబ్దం. ఒక్కోటి 1 జీబీకి మించదు. పేరు చివర 0 ఉన్నది మెనూ, 1 నుంచి ఉన్నవి అసలు వీడియో

ఐఎఫ్ఓ చదవలేకపోతే బీయూపీ ఉందిగా! ఫోల్డర్‌ని హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని, అదే పేరున్న బీయూపీకి ఇంకో నకలు తీసి, చివరి మూడక్షరాల్ని ఐఎఫ్ఓగా మార్చండి. గీత రెండింటి మీదా పడకుండా వాటిని డిస్కు మీద ఎడంగా రాస్తారు కాబట్టి ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

ఫోల్డరే లేదు, విడి ఫైళ్ళు మాత్రమే ఉన్నాయంటే ఎవరో దాన్ని డేటా డిస్కుగా రాశారు. వీఎల్‌సీ ఆడిస్తుంది, ప్లేయర్‌లో మెనూ రాదు. 10లో చెప్పినట్టు మళ్ళీ రాయాలి.

డిస్కే ఖాళీ అని చూపిస్తోందా? పాత హ్యాండీక్యామ్ చిన్న డిస్కులకీ, డీవీడీ రికార్డర్‌లో రాసినవాటికీ ఇది సహజం. రికార్డింగ్ అయ్యాక ‘ఫైనలైజ్’ చేయకపోతే వేరే ప్లేయర్లకి అందులో ఏముందో తెలియదు. ఆ కెమెరా ఇంకా పనిచేస్తుంటే డిస్క్ అందులో పెట్టి, ఛార్జర్ తగిలించి, ఫైనలైజ్ నొక్కండి. మధ్యలో కరెంటు పోకూడదు, ఫార్మాట్ అన్నదాని జోలికి అస్సలు వెళ్ళకండి.

## 9. తప్పు లింకులు సరిచేయడం

‘మాంగల్యధారణ’ నొక్కితే స్నాతకం వచ్చే కేసు ఇదే. వీడియోని ముట్టుకోకుండా దారి మాత్రమే మార్చాలి. విండోస్‌లో పీజీసీఎడిట్ అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుంది, చూడ్డానికి భయపెట్టేలా ఉంటుంది కానీ మనకి కావాల్సింది అందులో చిన్న మూల.

1. హార్డ్‌డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని తెరవండి.
2. ఎడమ జాబితాలో మెనూ ఉన్న వరుస ఎంచుకుని మెనూ బొమ్మ తెరిపించండి.
3. తప్పుగా వెళ్తున్న బటన్ ఎంచుకుంటే దాని ఆదేశం కనిపిస్తుంది, ఏ టైటిల్‌లో ఏ చాప్టర్‌కి దూకాలో.
4. సరైన చాప్టర్ నంబర్ ఎంతో వీఎల్‌సీలో చూసి మీ కాగితం మీద రాసుకుని, అది ఇక్కడ పెట్టండి.
5. సేవ్ చేసి, ఫోల్డర్‌ని మళ్ళీ వీఎల్‌సీలో తెరిచి ఆ ఒక్క బటన్ చూడండి. తర్వాతే రెండో బటన్.

ఒకేసారి ఐదు బటన్లు మార్చేయకండి. ఏది చెడగొట్టామో తెలియకుండా పోతుంది.

భాగం అయ్యాక తెర నల్లబడే తప్పుకి మందు బటన్లో ఉండదు, ఆ టైటిల్ చివర ఉండాల్సిన ‘అయ్యాక మెనూకి వెళ్ళు’ అనే ఆదేశం లేకపోవడమే కారణం. టైటిల్ వరుస ఎంచుకుని పోస్ట్ కమాండ్ల గడిలో దాన్ని చేర్చాలి.

మెనూలో ఐదారు కంటే ఎక్కువ తప్పులున్నా, హైలైట్ రంగు వెనక బొమ్మలో కలిసిపోయి కనపడకపోయినా, ఒక్కోటీ అతుకులు వేస్తూ కూర్చోకండి. కొత్త మెనూ కట్టడమే తేలిక.

## 10. కొత్త మెనూ కట్టి మళ్ళీ రాయడం

డీవీడీస్టైలర్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

1. కొత్త ప్రాజెక్టు, పాల్, వీడియో ఏ ఆకారంలో ఉంటే అదే (4:3 లేదా 16:9).
2. పాత వీఓబీలు చేర్చండి. వీడియో ప్రాపర్టీస్‌లో ఫార్మాట్ దగ్గర ‘కాపీ’ అని పెట్టండి, లేకపోతే మొత్తం మళ్ళీ ఎన్‌కోడ్ చేసి బొమ్మ నాణ్యత తగ్గిస్తుంది.
3. చాప్టర్ సమయాలు ఇవ్వండి: ఎదుర్కోలు, గౌరీపూజ, జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్.
4. ఒక పేజీకి ఆరు బటన్లు మించనీయకండి. డీవీడీ 36 దాకా ఒప్పుకుంటుంది, పెద్దవాళ్ళ కళ్ళు ఒప్పుకోవు.
5. ప్రతి బటన్‌కీ టైటిల్, చాప్టర్ రెండూ ఇవ్వండి. బాణాల దిశలు ఆటోలో వదిలేయండి.
6. టైటిల్ అయ్యాక చివరిగా చూసిన మెనూకి వెళ్ళమనే పోస్ట్ కమాండ్ ఉందో లేదో చూడండి.

జనం ఎక్కువగా చేసే పొరపాట్లు: బటన్ల గళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎక్కించడం (అప్పుడు బాణం నొక్కితే ఎటు పోతుందో చెప్పలేం), బటన్లని తెర అంచుకి ఆనించడం (నాలుగు వైపులా పదో వంతు వదలండి), బంగారు రంగు పట్టుచీర బొమ్మ మీద పసుపు హైలైట్ పెట్టడం.

నేరుగా డిస్క్ రాసేయకుండా ముందు ఐఎస్ఓ చేసి వీఎల్‌సీలో, మౌస్ వదిలేసి కీబోర్డు బాణాలతో ప్రతి బటన్ తిరగండి. మౌస్‌తో నొక్కితే బాణాల దారి తప్పులు బయటపడవు.

రాసేటప్పుడు మంచి డీవీడీ-ఆర్ తీసుకుని, 4 లేదా 8 రెట్ల వేగంలో రాసి, రాసింది సరిగ్గా పడిందో లేదో చూసే ‘వెరిఫై’ తప్పకుండా పెట్టండి. మామూలు డిస్కులో 4.7 జీబీ పడుతుంది, అంతకంటే పెద్దదైతే రెండు డిస్కులుగా విడదీయండి. డిస్క్ మీద బాల్‌పెన్నుతో రాయొద్దు, స్టిక్కర్ వద్దు, మార్కర్ చాలు.

## 11. వీసీడీలు

వీసీడీ మెనూ పేచీల్లో చాలావాటికి మూలం ఒక్కటే బటన్: పీబీసీ (ప్లేబ్యాక్ కంట్రోల్).

పీబీసీ ఆన్‌లో ఉంటే మెనూ వస్తుంది, ఎంచుకోవడానికి బాణాలు కాదు, నంబర్లు నొక్కాలి. ఆఫ్‌లో ఉంటే మెనూ రాదు, ట్రాకులు వరసగా ఆడతాయి. ‘మెనూ వచ్చింది, బాణాలు కదలడం లేదు’ అంటే 1 నొక్కండి. ‘మెనూలోనే ఇరుక్కుపోయింది’ అంటే పీబీసీ ఆపేసి నెక్స్ట్ నొక్కండి. ‘మెనూ అసలు రాదు’ అంటే పీబీసీ ఆన్ చేయండి, అయినా రాకపోతే అది మెనూ లేని 1.1 రకం డిస్క్ కావచ్చు.

కంప్యూటర్లో అయితే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లోని డీఏటీ ఫైళ్ళని వీఎల్‌సీలోకి లాగండి, ఆడతాయి.

## 12. బ్లూరే

బ్లూరేకి టాప్ మెనూ, సినిమా ఆడుతుండగా కింద నుంచి లేచే పాపప్ మెనూ అని రెండుంటాయి. చాలా సినిమా డిస్కుల మెనూలు జావాలో రాసిన చిన్న ప్రోగ్రాములు, లోడ్ అవడానికి సమయం పడుతుంది. తిరుగుతున్న గుర్తు చూసి వరసగా బటన్లు నొక్కకండి, ఓ నిమిషం ఆగండి.

ఆగినా రాకపోతే:

- ప్లేయర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి
- సెట్టింగుల్లో బీడీ డేటా నిల్వని తుడవండి, అది నిండితే మెనూ తెరుచుకోదు
- బీడీ-లైవ్ (నెట్ నుంచి అదనపు విషయాలు తెచ్చే సౌకర్యం) ఆపేయండి, నెట్ వైరు పీకి చూడండి
- వీఎల్‌సీలో అయితే జావా మెనూలకి కంప్యూటర్లో జావా ఉండాలి

బ్లూరేకి మన దేశం సి రీజియన్. ఇంకో సంగతి, కొందరు హెచ్‌డీ వీడియోని మామూలు డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో రాసిస్తారు. అది బ్లూరే ప్లేయర్‌లో ఆడుతుంది, డీవీడీ ప్లేయర్‌లో ‘నో డిస్క్’ అంటుంది. డిస్క్ తప్పేమీ లేదు.

## 13. స్టూడియోకో షాపుకో ఇచ్చేటప్పుడు

పెళ్ళి ఈమధ్యే అయితే స్టూడియోవాళ్ళ కంప్యూటర్లో అసలు ప్రాజెక్టు ఇంకా ఉండొచ్చు, వీలైనంత త్వరగా అడగండి. ‘డిస్క్ పనిచేయడం లేదండీ’ అంటే ఇంకో కాపీ రాసిచ్చేస్తారు, అదే తప్పు అందులోనూ ఉంటుంది. మీరు రాసుకున్న కాగితం చూపించి, ఏ బటన్ ఎటు వెళ్తోందో, ఎటు వెళ్ళాలో చెప్పండి.

- ఒరిజినల్ డిస్క్ ఇవ్వకండి, కాపీ ఇవ్వండి. వాళ్ళకి ఒరిజినలే కావాలంటే ముందు మీ దగ్గర ఇమేజ్ ఉందో లేదో చూసుకోండి.
- కొత్త డిస్కుతో పాటు మెనూ లేని మామూలు ఎంపీ4 ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో అడగండి.
- డిస్కుని అక్కడే, వాళ్ళ కంప్యూటర్లో కాకుండా ప్లేయర్‌లో పెట్టించి, రిమోట్ మీరే పట్టుకుని ప్రతి బటన్ నొక్కి చూడండి. మాంగల్యధారణ నొక్కితే మాంగల్యధారణే వచ్చాక డబ్బులివ్వండి.